మూతపడుతున్న షాపు గురించి బాధపడటం వట్టి సెంటిమెంటేనా?

ప్రశ్న: మేము ఈ పేటకు వచ్చి పదకొండేళ్లవుతోంది. వచ్చిన కొత్తలో మా వీధిలో ఒక పుస్తకాల షాపు, గడియారాలు బాగుచేసే షాపు, సైకిల్ రిపేరు షాపు, ఒక టైలరు షాపు ఉండేవి. అన్నీ సొంతంగా నడుపుకునేవాళ్లవే. వాటిలో మూడు పోయాయి. వాటి స్థానంలో ఎక్కడికి వెళ్లినా ఒకేలా కనిపించే కంపెనీ షోరూములు వచ్చాయి. మిగిలిన పుస్తకాల షాపాయన కూడా ఈ ఏడాది చివర్లో ఖాళీ చేస్తానంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు బాగోలేదు. ఇంట్లో చెబితే మావారు, "కావలసినవన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, అదీ తక్కువకే. నీది వట్టి సెంటిమెంటు" అన్నారు. నిజమే, నేనూ ఆన్‌లైన్‌లోనే కొంటున్నాను. మా బడ్జెట్ అంతంతమాత్రం. అందుకే లోపల గిల్టీగా ఉంది. నా బాధలో అర్థముందా? నాలాంటివాళ్లు నెలకు ఒకటీ రెండూ అక్కడ కొన్నంత మాత్రాన ఏమైనా మారుతుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధలో అర్థముంది. గిల్టీగా ఉండాల్సిన పని మాత్రం లేదు. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే, ఆ షాపు ముందు నుంచి తల వంచుకుని గబగబా వెళ్లిపోవడం తప్ప మీరేమీ చేయలేరు. దానివల్ల ఆ షాపాయనకు ఒరిగేదేమీ లేదు.

ముందు మీవారి మాట తీసుకుందాం. వస్తువుల వరకూ ఆయన అన్నది నిజం. పుస్తకం ఎక్కడ కొన్నా అదే పుస్తకం, సైకిల్ ట్యూబు ఎక్కడ కొన్నా అదే ట్యూబు. ధర, రకాలు, ఇంటికే తెచ్చి ఇవ్వడం అనే లెక్కల్లో చిన్న షాపు పెద్ద కంపెనీ ముందు నిలబడలేదు. కాబట్టి ఆయనతో ధరల మీద వాదించకండి. మీ వీధి పోగొట్టుకుంటున్నది ఆ లెక్కలోకి రాదు. పొద్దున షట్టర్ తీసినప్పటి నుంచి రాత్రి దించేదాకా రోజూ ఒకేచోట, వీధివైపు ముఖం పెట్టుకుని కూర్చునే మనిషి ఒకరు ఇకమీదట ఉండరు. ఎవరు వచ్చారో, ఎవరు నాలుగు రోజులుగా కనిపించడం లేదో తెలిసిన మనిషి. ఎవరికీ చుట్టం కాకపోయినా అందరికీ తెలిసిన మనిషి.

ఇలాంటి మనిషి వీధికి ఎంత అవసరమో గట్టిగా చెప్పినవాళ్లలో జేన్ జేకబ్స్ ఒకరు. ఆమె ఇంజనీరూ కాదు, ప్రణాళికా శాఖ అధికారీ కాదు. పత్రికల్లో పనిచేసిన రచయిత్రి. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో, హడ్సన్ వీధిలో ఉండేవారు. పాత పేటలను పడగొట్టి వెడల్పాటి రోడ్లు, పెద్ద పెద్ద భవన సముదాయాలు కట్టడమే అభివృద్ధి అని అధికారులు నమ్ముతున్న రోజుల్లో, తన వీధిలో మనుషులు ఎలా మసలుతున్నారో శ్రద్ధగా గమనించి 1961లో ఒక పుస్తకం తెచ్చారు. అందులో తాళంచెవుల సంగతి ఒకటి ఉంటుంది. ఆ వీధిలోవాళ్లు తాము లేనప్పుడు స్నేహితులెవరైనా వస్తారనుకుంటే ఇంటి తాళంచెవి అక్కడి ఒక షాపాయనకు ఇచ్చి వెళ్లేవారు. ఆయన దగ్గర ఎప్పుడూ పది పన్నెండు తాళంచెవులు ఉండేవి. వాటికోసం ఒక డ్రాయరే కేటాయించాడు. ఆయనకే ఎందుకిచ్చేవారంటే, ఆయన జాగ్రత్తగా దాచి సరైన మనిషికి ఇస్తాడు. అంతకన్నా ముఖ్యంగా, ఆ వచ్చింది ఎవరు, ఎందుకు వచ్చారు అని ఆరా తీయడు.

ఆ రెండో మాట దగ్గర కాస్త ఆగండి. మీ బాధకు మూలం అక్కడే ఉందని నాకనిపిస్తోంది. మనకు తెలిసినవాళ్లలో చాలామంది ఇంటి గడప దాటి లోపలికి వచ్చేవాళ్లే. బంధువులు, స్నేహితులు, పక్కింటివాళ్లు. వాళ్లతో ప్రేమ ఉంటుంది, దాంతోపాటు మొహమాటం, బాధ్యత, మాట పట్టింపులూ ఉంటాయి. గడపకు అవతల ఉన్నవాళ్లంతా అపరిచితులు. ఈ రెండింటికీ మధ్య మూడో రకం పరిచయం ఒకటుంది. పేరు తెలుసు, ముఖం తెలుసు, ఆరోగ్యం ఎలా ఉందని అడగవచ్చు, అడగకపోయినా ఏమీ అనుకోరు. ఇంటికి పిలవక్కర్లేదు. పెళ్లికి వెళ్లకపోతే నిష్ఠూరం ఉండదు. చిన్న ఇబ్బంది వస్తే మాత్రం నిలబడతారు. ఇలాంటి పరిచయం ఇంట్లో పుట్టదు, ఫోన్‌లోనూ పుట్టదు. ఏదో ఒక పనిమీద మళ్లీ మళ్లీ వెళ్లాల్సిన చోటే పుడుతుంది. "మనం స్నేహం చేసుకుందాం" అని ఎవరూ షాపుకు వెళ్లరు. పెన్ను కొనుక్కోవడానికి వెళతారు. ఆ పెన్ను నెపంతో, మనకు తెలియకుండానే, ఏళ్ల తరబడి ఒక నమ్మకం పేరుకుంటుంది. పదకొండేళ్లలో మీకూ ఆ షాపాయనకూ మధ్య ఏర్పడింది అదే. ఆయన ఖాళీ చేస్తే దాన్ని ఇంకోచోటికి మార్చుకోవడం కుదరదు. కొత్తచోట మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి.

ఇదంతా మనసుకు సంబంధించిన విషయమే కదా అని మీవారు అనవచ్చు. అలా అంటే షికాగో సంగతి చెప్పండి. 1995 జులైలో ఆ నగరాన్ని తీవ్రమైన వడగాలులు కమ్మేశాయి. మామూలు రోజుల లెక్కతో పోలిస్తే 739 మంది అదనంగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంటరిగా, తలుపులు వేసుకుని ఉన్న వృద్ధులు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చి చూశారు. రెండింటిలోనూ పేదరికం ఉంది, ఒంటరి వృద్ధులు ఉన్నారు, ఎండ ఒక్కటే. అయినా నార్త్ లాన్‌డేల్‌లో లక్షకు 40 మంది చనిపోతే, దాని పక్కనే ఉన్న లిటిల్ విలేజ్‌లో లక్షకు నలుగురే చనిపోయారు. ఆయన చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది వీధి. లిటిల్ విలేజ్‌లో షాపులు నడుస్తున్నాయి, కాలిబాటల మీద మనుషులున్నారు, కాబట్టి ముసలివాళ్లు ధైర్యంగా బయటికి వచ్చి చల్లగా ఉన్న షాపుల్లో కాసేపు కూర్చోగలిగారు. నార్త్ లాన్‌డేల్‌లో ఫ్యాక్టరీలు, వాటి వెనకే షాపులు మూతపడ్డాయి. ఖాళీ స్థలాలు మిగిలాయి. వృద్ధులు వీధిలోకి రావడానికే భయపడ్డారు. ఆ వారం రోజుల్లో తేడా తెచ్చింది ఎవరో ప్రత్యేకంగా చేసిన సేవ కాదు. మామూలు రోజుల్లో నడుస్తున్న మామూలు షాపులే.

అలాగని కంపెనీ షోరూములను తిట్టడం నాకిష్టం లేదు. అక్కడ పనిచేసే కుర్రాళ్లు, ఆడపిల్లలు కూడా మర్యాదస్తులే, కష్టపడేవాళ్లే. వాళ్ల జీతాలతో ఇళ్లు గడుస్తున్నాయి. తేడా నిర్ణయాలు ఎవరి చేతిలో ఉంటాయన్న దగ్గర వస్తుంది. షోరూములో మీతో చక్కగా మాట్లాడిన అమ్మాయిని ఆరు నెలల్లో ఇంకో బ్రాంచీకి మార్చవచ్చు. తప్పిపోయిన పిల్లి ఫొటో అద్దం మీద అంటించాలంటే ఆమెకు అనుమతి ఉండదు. లాభం తగ్గిందని ఎక్కడో కూర్చున్నవాళ్లు అనుకుంటే, ఆ వీధి సంగతేమీ తెలియకుండానే బ్రాంచీ ఎత్తేస్తారు. సొంత షాపాయన ఇవన్నీ అక్కడికక్కడే తేలుస్తాడు. తన పేటలో చదివేవాళ్లకు ఏం నచ్చుతుందో చూసి సరుకు తెప్పిస్తాడు. అందుకే రెండు వీధుల్లోని రెండు పుస్తకాల షాపులు ఒకేలా ఉండవు.

డబ్బు లెక్కలోనూ తేడా ఉంది. 2002లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో సివిక్ ఎకనామిక్స్ అనే సంస్థ, అక్కడి ఒక సొంత పుస్తకాల షాపునూ ఒక మ్యూజిక్ షాపునూ తీసుకుని, ఊరూరా శాఖలున్న ఒక పెద్ద చైన్ పుస్తకాల షాపుతో పోల్చింది. కొనేవాళ్లు ఖర్చుపెట్టిన ప్రతి 100 డాలర్లలో స్థానిక షాపుల ద్వారా 45 డాలర్లు ఆ ఊరి ఆర్థిక వ్యవస్థలోనే తిరిగాయి. చైన్ షాపు ద్వారా తిరిగింది 13 డాలర్లు. సొంత షాపు తన లెక్కలు రాసే మనిషిని, బోర్డు రాసే మనిషిని ఆ ఊళ్లోనే పెట్టుకుంటుంది, లాభమూ అక్కడే ఖర్చవుతుంది. ఒక ఊళ్లోని కొన్ని షాపుల లెక్క ఇది. ప్రతిచోటా అదే నిష్పత్తి ఉంటుందని అనుకోవద్దు. కానీ డబ్బు ఏ వైపు పారుతుందో అర్థం కావడానికి ఇది చాలు.

ఇక మీ గిల్టీ సంగతి. షాపు మూతపడగానే "మనం కొనలేదు కాబట్టే పోయింది" అని పేటలోవాళ్లు అనుకోవడం మామూలే. కొన్నిసార్లు అది నిజం కూడా. కానీ గిరాకీ బాగా ఉన్న షాపులు కూడా మూతపడుతుంటాయని మీరు తెలుసుకోవాలి. స్పెయిన్‌లో ఏం జరిగిందో చూడండి. 1985కు ముందు రాసుకున్న షాపుల అద్దె ఒప్పందాల్లో అద్దెలు ఏళ్ల తరబడి దాదాపు పెరగకుండా ఉండేవి. 1994లో కొత్త చట్టం వచ్చి, వాటిలో చాలావాటికి ఇరవై ఏళ్ల గడువు పెట్టింది. ఆ గడువు 2014 ఆఖరుతో ముగిసింది. 2015 మొదలయ్యేసరికి బార్సిలోనా, మాడ్రిడ్ లాంటి నగరాల్లో తరతరాలుగా నడుస్తున్న షాపులకు ఒక్కసారిగా మార్కెట్ అద్దె కట్టాల్సిన పరిస్థితి వచ్చింది. చాలామంది తట్టుకోలేక తాళం వేశారు. డిసెంబరులో కొన్నవాళ్లు జనవరిలో మారిపోలేదు. మారింది అద్దె.

అద్దె తరవాత ఎక్కువగా కనిపించే కారణం వయసు. షాపాయనకు అరవై ఐదు దాటుతాయి, పిల్లలు వేరే ఉద్యోగాల్లో స్థిరపడతారు, మోకాళ్లు సహకరించవు. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. ఆయన జీవితాంతం మనకోసం కౌంటర్ వెనక కూర్చోవాలని కోరుకునే హక్కు మనకు లేదు.

వ్యాపారం నిజంగానే తగ్గిపోవడం మూడో కారణం. అక్కడ కూడా ఫలితం ముందే రాసిపెట్టి ఉంటుందని అనుకోకండి. అమెరికాలో 1995, 2000 సంవత్సరాల మధ్య సొంత పుస్తకాల షాపుల సంఖ్య 43 శాతం పడిపోయింది. ముందు పెద్ద చైన్లు, తరవాత ఆన్‌లైన్ అమ్మకాలు, ఇక వీళ్ల పని అయిపోయినట్టేనని అందరూ అనుకున్నారు. కానీ 2009లో 1,651గా ఉన్న ఆ షాపులు 2018 నాటికి 2,470 అయ్యాయి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో రయన్ రఫేలీ దీన్ని చాలాకాలం అధ్యయనం చేశారు. నిలబడిన షాపులు ధరలో పోటీ పడలేదని ఆయన గమనించారు. పేటతో సంబంధం పెంచుకున్నాయి, ఏ పుస్తకం ఎవరికి నచ్చుతుందో తెలిసి ఎంచి పెట్టాయి, రచయితలతో ముచ్చట్లు, పిల్లలకు కథలు, చదువరుల సమావేశాలు పెట్టి జనం వచ్చి కూర్చునే చోట్లుగా మారాయి. అంటే నేను ఇంతసేపూ చెబుతున్న ఆ పరిచయాన్నే గట్టిగా పట్టుకున్నాయి.

కాబట్టి "నేను నెలకు ఒకటి రెండు కొంటే సరిపోతుందా" అన్న ప్రశ్న కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. అది నన్ను కాదు, ఆయన్ను అడగాలి. ఎందుకు ఖాళీ చేస్తున్నారు? షాపు మూసేస్తున్నామనగానే చుట్టుపక్కలవాళ్లు "అయ్యో" అంటారు, పాత జ్ఞాపకాలు చెబుతారు, ఫొటోలు తీసుకుంటారు. కారణం అడిగేవాళ్లు మాత్రం అరుదు. మీరు అడగండి. కొనేవాళ్లు లేని వేళ చూసుకుని వెళ్లి, "అద్దె వల్లనా, ఓపిక లేకనా, వ్యాపారం లేకనా?" అని సూటిగా అడగండి. పదకొండేళ్ల పరిచయం ఆ మాత్రం చొరవకు సరిపోతుంది. చెప్పడం ఇష్టం లేకపోతే ఆయనే మాట మారుస్తారు, అప్పుడు వదిలేయండి.

కారణం అద్దె అయితే, మీ ఒక్కరి కొనుగోళ్లు దాన్ని తీర్చలేవు. కానీ పదిమంది కలిసి మాట్లాడితే కొన్నిసార్లు పని జరుగుతుంది. చాలామంది బిల్డింగ్ ఓనర్లకు తమ షాపు ఆ పేటకు ఎంత ముఖ్యమో తెలియదు. వాళ్ల కంటికి అది ఇన్ని చదరపు అడుగులు, ఇంత అద్దె, అంతే. పేటలోని కొన్ని కుటుంబాలు కలిసి వెళ్లి మర్యాదగా, కోపం లేకుండా మాట్లాడితే, పెంపును రెండు మూడేళ్లకు సర్దడానికి ఒప్పుకునేవాళ్లు ఉంటారు. ఖాళీగా పడి ఉన్న షాపు ఓనరుకూ నష్టమే కదా. ఒప్పుకోనివాళ్లూ ఉంటారు. ముందే నిర్ణయించుకుని కూర్చోకుండా ఒకసారి అడిగి చూడండి. ఆ మాటల్లో అద్దె ఎంత అన్నదానికన్నా ఒప్పందం ఎన్నేళ్లకు అన్నదాని మీద ఎక్కువ పట్టుపట్టమని ఆయనకు చెప్పండి. ఏడాది ఏడాదికీ భయపడుతూ బతికే షాపులో ఎవరూ కొత్త అరలు చేయించరు, కొత్త సరుకు తేరు. రేపు ఉంటామో లేదో తెలియని చోట పెట్టుబడి ఎలా పెడతారు?

నగరపాలక సంస్థలు కూడా ఈ విషయంలో చేయగలిగింది చాలా ఉంది. పారిస్ నగరం 2004లో వీటల్ కార్టియే అనే కార్యక్రమం మొదలుపెట్టింది. షాపులు తగ్గిపోతున్న పేటల్లో అమ్మకానికి వచ్చిన వీధివైపు మడిగెలను నగరం తరఫున సెమాయెస్ట్ అనే సంస్థ కొని, సొంతంగా వ్యాపారం చేసుకునేవాళ్లకు అద్దెకిచ్చింది. లాటిన్ క్వార్టర్‌లో పుస్తకాల షాపులు నిలబడటానికి అది పనికొచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో 2015లో పాత వ్యాపారాల జాబితా ఒకటి మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లు దాటి, పేట చరిత్రలో భాగమైన వ్యాపారాలు అందులో చేరవచ్చు. అదే ఏడాది నవంబరులో ఓటర్లు దానికి నిధిని కూడా ఆమోదించారు. నాకు అందులో బాగా నచ్చింది ఒకటుంది. అలాంటి షాపుకు కనీసం పదేళ్ల లీజు ఇచ్చే బిల్డింగ్ ఓనరుకు నగరమే గ్రాంటు ఇస్తుంది. షాపాయన మీద జాలి చూపించడం కన్నా ఓనరుకు లాభం చూపించడం తెలివైన పని. ఇంగ్లండ్ 2011లో తెచ్చిన చట్టం ఇంకో దారి చూపింది. ఒక పబ్‌నో షాపునో సమాజానికి విలువైన ఆస్తిగా గుర్తించమని కోరే వీలు స్థానికులకు కల్పించింది. గుర్తింపు వచ్చాక యజమాని దాన్ని అమ్మకానికి పెడితే, డబ్బు కూడగట్టుకోవడానికి స్థానికులకు ఆరు నెలల గడువు దొరికేలా ఆ చట్టం ఏర్పాటు చేసింది. దక్షిణ లండన్‌లోని నన్‌హెడ్‌లో ఐవీ హౌస్ అనే పబ్‌ను ఇలాగే 2013లో 371 మంది వాటాదారులు కలిసి నిలబెట్టుకున్నారు. ఇవన్నీ మీ దగ్గర రేపే జరిగిపోతాయని నేననడం లేదు. మీ వార్డు ప్రతినిధిని కలిసినప్పుడు "ఏదైనా చేయండి" అని అడిగితే ఆయన తల ఊపి ఊరుకుంటారు. "ఫలానా నగరంలో ఇలా చేశారు, మన దగ్గర ఎందుకు కుదరదు?" అని అడిగితే ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు.

కారణం వయసు అయితే మీరు చేయాల్సింది వేరు. షాపును ఆయన ఆపేస్తున్నారంటే షాపు ఆగిపోవాలని లేదు. అక్కడ పనిచేసిన కుర్రాడికి నడపాలని ఉందేమో, డబ్బు లేక నోరు తెరవలేదేమో. పేటలోనే పుస్తకాలంటే ప్రాణం పెట్టే మనిషి ఎవరైనా ఉద్యోగం మానేసి ఏదైనా సొంతంగా చేయాలనుకుంటున్నారేమో. ఆయనకు వాళ్లు తెలియదు, వాళ్లకు ఆయన రిటైరవుతున్నారని తెలియదు. మధ్యలో మాట కలపగలిగేది మీలాంటివాళ్లే. న్యూయార్క్ రాష్ట్రంలో సారనాక్ లేక్ అనే చిన్న ఊళ్లో 2002లో ఉన్న ఒక్క డిపార్ట్‌మెంట్ స్టోరూ మూతపడింది. బట్టలు, దుప్పట్లు కొనాలన్నా వేరే ఊరికి పోవాల్సి వచ్చేది. చివరికి ఊరివాళ్లు 100 డాలర్లకు ఒక వాటా చొప్పున అమ్మి, అయిదు లక్షల డాలర్లు కూడబెట్టి, 2011లో తమ సొంత స్టోరు తెరుచుకున్నారు. అది ఏళ్లు పట్టిన పని. పట్టుదలగా తిరిగిన కొద్దిమంది ఉండబట్టే అయ్యింది.

కారణం వ్యాపారం తగ్గడమే అయితే, అప్పుడు మీ కొనుగోళ్లకు విలువ వస్తుంది. బడ్జెట్ అంతంతమాత్రం అన్నారు కాబట్టి అన్నీ అక్కడే కొనమని నేను చెప్పను. అలా మొదలుపెట్టినవాళ్లు రెండు నెలల్లో విసిగి మానేస్తారు. ఒక్క రకం ఎంచుకోండి. ఇకనుంచి పిల్లల పుస్తకాలన్నీ అక్కడే, లేదా ఎవరికైనా ఇచ్చే కానుకలన్నీ అక్కడే అని పెట్టుకోండి. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద బిల్లు కన్నా నెలనెలా తప్పకుండా వచ్చే చిన్న బిల్లు షాపాయనకు ఎక్కువ ధైర్యమిస్తుంది. దాన్నిబట్టి ఆయన సరుకు తెప్పించుకోగలరు. లేని పుస్తకం కావాలంటే తెప్పించమని చెప్పి, వచ్చేదాకా ఆగండి. పెద్ద ఆర్డర్లు ఇచ్చేది వ్యక్తులు కాదు, సంస్థలు. మీ పిల్లల బడి లైబ్రరీకి, మీ ఆఫీసుకు, మీ అపార్ట్‌మెంట్ సంఘానికి పుస్తకాలో స్టేషనరీయో ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోండి. అలాంటి ఆర్డరు ఒక్కటి ఆయనకు మళ్లిస్తే మీ ఇంటి కొనుగోళ్లన్నిటికన్నా ఎక్కువ మేలు చేసినట్టు.

ఒక్కటి మాత్రం చేయకండి. షాపులో పుస్తకం తిరగేసి, ఆయన్ను సలహా అడిగి, బయటికి వచ్చి ఫోన్‌లో ఆర్డరు పెట్టడం. ఆన్‌లైన్‌లో కొనడం తప్పు కాదు. ఆయన సమయం, ఆయన జ్ఞానం ఉచితంగా వాడుకుని డబ్బు ఇంకొకరికి ఇవ్వడం తప్పు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

ఇంకో సంగతీ మీతో నిజాయతీగా మాట్లాడాలి. పాతదన్నంత మాత్రాన ప్రతి షాపూ కాపాడుకోదగ్గది కాదు. కొన్ని పాత షాపుల్లో కొందరికే మర్యాద దొరుకుతుంది. మనిషి బట్టలు చూసి, ఒంటి రంగు చూసి, మాట తీరు చూసి పక్కన నిలబెట్టే షాపులూ ఉంటాయి. అలాంటిది మూతపడితే వీధికి నష్టం లేదు. అలాగే, నిన్నగాక మొన్న వేరే ప్రాంతం నుంచి వచ్చి, వచ్చీరాని భాషలో మాట్లాడుతూ చిన్న షాపు తెరిచినవాళ్లు ఉంటే, మీ వీధి రేపటి ముఖం వాళ్లే. పుస్తకాల షాపాయన కూడా ఒకప్పుడు కొత్తగా వచ్చినవాడే అయి ఉంటారు. పేటకు గుర్తింపు ఉండాలంటే దాన్ని ఒక ఏడాది దగ్గర ఆపేయాల్సిన పని లేదు. పాతవాళ్లు వెళ్లిపోయినప్పుడు, ఆ చోటులోకి మళ్లీ సొంతంగా వ్యాపారం చేసుకునే మనిషి రాగలిగేంత తక్కువ అద్దె, రాగలిగేంత చిన్న గది ఉండాలి. జేకబ్స్ పాత భవనాలను కూల్చొద్దని వాదించింది అందుకే. చేతిలో పెద్దగా డబ్బు లేని మనిషి కొత్త ఆలోచనతో వ్యాపారం మొదలుపెట్టాలంటే పాతబడిన, చవకైన గదే దిక్కని ఆమె చెప్పారు. మీ వీధిలో నాలుగు చిన్న మడిగెలను కలిపేసి ఒక పెద్ద షోరూము చేసే ప్రతిపాదన ఎప్పుడైనా వస్తే, ఒక్క షాపు మూతపడినప్పటి కన్నా అప్పుడు ఎక్కువ గట్టిగా మాట్లాడండి. ఒకసారి గోడలు కొట్టేశాక చిన్నవాళ్లకు అక్కడ మళ్లీ చోటు దొరకదు.

మీవారిని ఒప్పించాలని తాపత్రయపడకండి. ఆయన అన్న మాటలో కొంత, మిమ్మల్ని ఈ టెన్షన్ నుంచి బయటపడేయాలన్న ఆలోచన కూడా ఉందేమో. వాదించే బదులు ఒక సాయంత్రం ఆయన్నూ వెంటబెట్టుకుని షాపుకు వెళ్లండి. షాపాయనతో ఆయన్నే మాట్లాడనివ్వండి. డబ్బు లెక్కల్లో ఆయనకు పట్టుంటే, అద్దె ఒప్పందం ముందు పెట్టుకుని కూర్చోవడానికి మీకన్నా ఆయనే బాగా పనికొస్తారు.

ఈ ఏడాది చివర్లో ఖాళీ చేస్తానన్నారంటే ఇంకా కొన్ని నెలలున్నాయి. అద్దె ఒప్పందం ఏ నెలలో ముగుస్తుందో, ఖాళీ చేస్తున్నట్టు ఓనరుకు ఇప్పటికే రాతపూర్వకంగా చెప్పారా, నోటిమాటగానే అన్నారా, ఈ వారంలోనే కనుక్కోండి. రాతపూర్వకంగా ఇచ్చేసి ఉంటే వెంటనే ఆ చోటు తరవాత ఎవరికి వెళుతోందో తెలుసుకోండి. ఇంకా ఇవ్వకపోతే, అద్దె మాట్లాడటానికైనా వారసుడిని వెతకడానికైనా సమయం ఉన్నట్టే. ఆయన ఏం చెప్పారో నాకు రాయండి. కారణాన్ని బట్టి తరవాత ఏం చేయాలో మళ్లీ మాట్లాడుకుందాం.